లాకర్ కంటే ముందు హౌసింగ్: ఒక ఫోర్ బై ఫోర్ పికప్ వెనక యాక్సిల్ కేస్ స్టడీ

వికారాబాద్ దగ్గర పొలం, పాడి ఉన్న ఒక రైతు తన డబుల్ క్యాబిన్ ఫోర్ బై ఫోర్ పికప్‌ని హైదరాబాద్‌లోని మా వర్క్‌షాప్‌కి తెచ్చి రెండు పనులు అడిగారు. వెనక డిఫరెన్షియల్‌కి (ఇంజన్ బలాన్ని రెండు చక్రాలకీ పంచే గేర్ల అమరికకి) లాకర్ (రెండు చక్రాలనీ కలిపి ఒకటిగా తిప్పే పరికరం) వేయాలి. కంపెనీ ఇచ్చిన 30 అంగుళాల టైర్లు తీసి 33 వేయాలి. వెళ్లబోతూ ఇంకో మాట అన్నారు. “కుడిపక్క వెనక చక్రం కాడ ఆయిల్ సీల్ నిలుస్తలేదన్నా. కొత్తది ఏసినా కొన్ని రోజులకే మళ్ల లీకైతాంది.” ఈ కేసంతా ఆ మాట నుంచే మొదలైంది.

బండి కంపెనీ పేరు రాయడం లేదు. మన దగ్గర తిరిగే ఈ సైజు ఫోర్ బై ఫోర్ పికప్‌లలో చాలావాటికి ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఒక్కో చక్రం విడిగా కదిలేది), వెనక కమాన్ కట్టల (లీఫ్ స్ప్రింగుల) మీద సెమీ ఫ్లోటింగ్ యాక్సిల్ (షాఫ్టే బరువు కూడా మోసే రకం) ఉంటాయి. ఆ డిజైన్ ఎంతవరకు మోస్తుంది, ఎక్కడ లొంగుతుంది అన్నదే ఇక్కడి విషయం కాబట్టి, ఇలాంటి బండి ఎవరి దగ్గర ఉన్నా ఈ లెక్కలు పనికొస్తాయి.

ఈ బండి వాడకం గురించి ముందు చెప్పాలి. వారమంతా పాల క్యాన్లు, దాణా బస్తాలు, గడ్డి మోపులు. ఆదివారాలు స్నేహితుల సొంత భూముల్లో బండరాళ్ల మీద ఆఫ్ రోడింగ్. మన చుట్టుపక్కల నేలలో యాక్సిళ్లకి ప్రత్యేకమైన కష్టం ఒకటుంది. దక్కన్ గ్రానైట్ గరుకుగా ఉంటుంది, పొడిగా ఉన్నప్పుడు టైరుకి గట్టి పట్టు ఇస్తుంది. చేవెళ్ల దాటి వికారాబాద్ వైపు వెళ్తే వానాకాలంలో నల్లరేగడి, అక్కడ పట్టే ఉండదు. బురదలో జోరుగా తిరుగుతున్న చక్రం కింద ఒక్కసారిగా రాయి తగిలితే చక్రం టక్కున ఆగుతుంది. అప్పటిదాకా తిరుగుతున్న ఫ్లైవీల్, గేర్లు, ప్రొపెల్లర్ షాఫ్ట్ (బలాన్ని వెనక యాక్సిల్‌కి చేర్చే పొడుగు షాఫ్ట్) ఊపంతా ఒక్క దెబ్బగా యాక్సిల్ షాఫ్ట్ మీద పడుతుంది. నేను చూసిన విరిగిన షాఫ్టుల్లో ఎక్కువ భాగం ఇలాంటి క్షణంలో పోయినవే.

ఇంకో సంగతి. అప్పటికే ఆయన బయట కొన్న వెడల్పు అలాయ్ రిమ్ములు వేయించారు. కంపెనీ రిమ్ములతో పోలిస్తే వాటివల్ల చక్రం 25 మి.మీ. బయటికి జరిగింది. చూడటానికి బాగుంటుంది. కానీ బేరింగ్ దృష్టిలో అది పొడుగైన మీట. లోడుతో ఒక్కో వెనక చక్రం మీద 900 కిలోల బరువు ఉందనుకుంటే, 25 మి.మీ. జరగడం వల్ల అదనంగా పడే వంపు బలం సుమారు 220 న్యూటన్ మీటర్లు. గుంతలో దిగి పైకి లేచేటప్పుడు బరువు మూడింతలు పడితే అది 660 అవుతుంది. నిలబెట్టిన బండిలో ఇదేదీ కనిపించదు.

పరీక్షలో దొరికినవి

సీల్ మాటిమాటికీ పోతోందంటే సీల్ మార్చడం వైద్యం కాదు. అంతకు ముందు వేరే చోట సీల్, బేరింగ్ రెండూ మార్చారు, ఆ సామాను మంచిదే. అయినా నిలవలేదంటే అవి కూర్చునే చోటే ఏదో తేడా ఉండాలి.

బండిని సమంగా ఉన్న నేల మీద నిలిపి, దారానికి గుండు కట్టి వెనక చక్రం పక్కన వేలాడదీశాం. దారం నుంచి రిమ్ము పై అంచుకి ఎంత, కింది అంచుకి ఎంత అని కొలిచాం. ఎడమ పక్క తేడా 2 మి.మీ. కుడి పక్క పై అంచు 8 మి.మీ. లోపలికి వాలి ఉంది. 16 అంగుళాల రిమ్ము మీద 7 మి.మీ. తేడా అంటే ఒక డిగ్రీ. అంటే కుడి చక్రం ఒక డిగ్రీ దాటి లోపలికి వంగింది. టైరు లోపలి అంచు అరిగిపోయి ఉండటానికి కారణం అక్కడే తెలిసింది.

కానీ వంగింది ఏది? రిమ్మా, షాఫ్ట్ ఫ్లాంజా (షాఫ్ట్ చివర చక్రం బిగించే పళ్లెం లాంటి భాగం), హౌసింగా (షాఫ్టులు, డిఫరెన్షియల్ లోపల ఉండే ఉక్కు తొడుగు)? దీన్ని తేల్చడానికి ఖరీదైన మెషీన్ అక్కర్లేదు. చక్రాన్ని జాకీ మీద లేపి సగం చుట్టు తిప్పి, దించి, మళ్లీ అదే చోట కొలవాలి. వంపు చక్రంతో పాటు తిరిగితే తప్పు రిమ్ములోనో ఫ్లాంజులోనో ఉంది. చక్రం ఎంత తిప్పినా వాలు కదలకుండా అలాగే ఉంటే తప్పు హౌసింగుది. ఇక్కడ వాలు కదల్లేదు.

షాఫ్ట్ బయటికి లాగాక మిగతా సాక్ష్యాలు వరసగా బయటపడ్డాయి. సీల్ పెదవి ఒక్క పక్కనే అరిగింది. హౌసింగ్ వంగాక షాఫ్ట్ దాని మధ్యలో నిటారుగా కూర్చోదు, ఒక పక్కకి ఒరుసుకుంటూ తిరుగుతుంది. ఎన్ని సీళ్లు వేసినా ఒకే పక్క తినేస్తుంది. షాఫ్ట్ చివర డిఫరెన్షియల్ గేరులో దిగే స్ప్లైన్ పళ్ల మీద సన్నని స్కేలు ఆనిస్తే పళ్లు నేరుగా లేవు, చివరికి వచ్చేసరికి సగం పన్ను మేర మెలితిరిగాయి. మెలి కంటికి కనిపించిందంటే ఉక్కు సాగే హద్దు దాటిపోయింది, ఇక తిరిగి రాదు. ఆ షాఫ్ట్ ఇంకా విరగలేదన్న మాటే గానీ దాని పని అయిపోయింది.

డిఫరెన్షియల్ ఆయిల్ పాలు కలిపిన టీ రంగులో ఉంది. నీళ్లు చేరాయి. దీనికి కారణం బ్రీదర్, అంటే యాక్సిల్ లోపలికీ బయటికీ గాలి ఆడే చిన్న గొట్టం. దూరం నడిచి వేడెక్కిన యాక్సిల్ వాగులోకి దిగగానే లోపలి గాలి ఒక్కసారిగా చల్లబడి కుంచించుకుపోతుంది. ఆ ఖాళీని నింపడానికి బ్రీదర్ నుంచో, సీల్ అంచు నుంచో నీటిని పీల్చుకుంటుంది. బ్రీదర్ మూతి హౌసింగ్ మీదే పొట్టిగా ఉంటే, అది బురదతో మూసుకుపోయి ఉంటే, సీళ్ల మీదే భారమంతా పడుతుంది.

చివరగా డై పెనెట్రంట్ పరీక్ష. హౌసింగ్‌ని శుభ్రంగా కడిగి ఎర్ర ద్రావకం పూసి, కాసేపు ఆగి తుడిచి, తెల్ల డెవలపర్ కొడితే పగుళ్లు ఉన్నచోట ఎర్ర గీత పైకి తేలుతుంది. కుడి పక్క కమాన్ కట్ట కూర్చునే సీటు వెల్డింగ్ అంచున వేలి పొడవు గీత తేలింది. అంతవరకు హౌసింగ్‌ని ప్రెస్ మీద సరిచేసి వాడుకుందామా అన్న ఆలోచన ఉండేది. ఆ గీత చూశాక వదిలేశాం. ఒకసారి సాగి, పగులు మొదలైన ఉక్కు మీద ట్రస్ (హౌసింగ్ వంగకుండా పైన వేసే ఉక్కు ఆసరా) వెల్డ్ చేయడం అంటే పగులుని కప్పిపెట్టడమే.

ఎందుకు వంగింది, ఎందుకు మెలిపడింది

ఈ రెండూ వేర్వేరు బలాల వల్ల వచ్చినవి. కలిపి చూస్తే వైద్యం తప్పుతుంది.

బరువు సంగతి మొదట. కమాన్ కట్టలు హౌసింగ్‌ని రెండు చోట్ల కిందికి నొక్కుతాయి. చక్రాలు రెండు చివర్లా పైకి నెడతాయి. మధ్యలో ఉన్న హౌసింగ్ కావడి బద్దలా వంగుతుంది. చివర్లు పైకి లేస్తే చక్రాల తలలు లోపలికి వాలుతాయి. సరిగ్గా ఈ బండిలో కనిపించిందదే. ఎక్కువ లోడు, గుంతల్లో వేగం, బయటికి జరిగిన రిమ్ములు, మూడూ ఒకే దిక్కుకి వంచాయి. సెమీ ఫ్లోటింగ్ యాక్సిల్‌లో ఇంకో చిక్కు ఉంది. దాంట్లో షాఫ్ట్ చక్రాన్ని తిప్పడంతో పాటు బండి బరువునూ మోస్తుంది. ఫుల్ ఫ్లోటింగ్‌లో అయితే బరువు హౌసింగ్ చివర ఉన్న హబ్ బేరింగులు మోస్తాయి, షాఫ్ట్ తిప్పడం ఒక్కటే చేస్తుంది. లారీలకి ఫుల్ ఫ్లోటింగ్ అందుకే. దాంట్లో షాఫ్ట్ విరిగినా చక్రం బండికే ఉంటుంది. సెమీ ఫ్లోటింగ్‌లో షాఫ్ట్ బేరింగ్ బయట విరిగితే చక్రమే ఊడి బయటికి వస్తుంది.

టార్క్ (తిప్పే బలం) సంగతి లెక్కతో చెబుతాను, ఎందుకంటే లాకర్ గురించి నిర్ణయం ఈ లెక్క మీదే ఆధారపడింది. ఇంజన్ టార్క్ 320 న్యూటన్ మీటర్లు, ఫస్ట్ గేర్ రేషియో 4, లో రేంజ్ (నెమ్మదిగా, ఎక్కువ బలంతో లాగే అదనపు గేరు) 2.5, డిఫరెన్షియల్ 4.1 అనుకుందాం. అన్నీ గుణిస్తే 13,000 న్యూటన్ మీటర్లు దాటుతుంది. ఇంత టార్క్ నేలకి చేరదు, అంతకు ముందే టైరు జారుతుంది. కాబట్టి షాఫ్ట్ మీద నిజంగా పడే భారాన్ని నిర్ణయించేది టైరు పట్టు.

వెనక యాక్సిల్ మీద 1,400 కిలోల బరువు ఉండి, పొడి గ్రానైట్ మీద పట్టు గుణకం 0.8 అయితే టైర్లు నెట్టగలిగిన బలం సుమారు 11,000 న్యూటన్లు. టైరు వ్యాసార్ధం 0.38 మీటర్లతో గుణిస్తే 4,200 న్యూటన్ మీటర్లు. మామూలు ఓపెన్ డిఫరెన్షియల్ దీన్ని రెండు షాఫ్టులకీ సమంగా పంచుతుంది, ఒక్కోదానికి 2,100. ఒక చక్రం గాల్లో ఉంటే దానికి ఎంత తక్కువ టార్క్ సరిపోతుందో, రెండో చక్రానికీ అంతే వెళ్తుంది. బండి కదలదు. డ్రైవర్‌కి అది చిరాకు, షాఫ్ట్‌కి అదే రక్షణ. లాకర్ వేస్తే ఆ రక్షణ పోతుంది. ఒక చక్రం గాల్లో ఉండి మొత్తం బరువు రెండో చక్రం మీద పడితే 4,200 మొత్తం ఒకే షాఫ్ట్ మోయాలి.

షాఫ్ట్ మీద పడే మెలి ఒత్తిడి దాని వ్యాసం ఘనానికి విలోమంగా ఉంటుంది. స్ప్లైన్ అడుగున 30 మి.మీ. ఉన్న షాఫ్ట్ మీద 2,100 పడితే ఒత్తిడి సుమారు 400 మెగాపాస్కల్. 4,200 పడితే 790. అదే 33 అంగుళాల టైర్లతో అయితే 870. ఇవి నెమ్మదిగా, దెబ్బ లేకుండా పడే భారానికి. బురదలోంచి రాయి మీదకి దూకినప్పుడు పడే దెబ్బ దీనికి అదనం. కంపెనీ షాఫ్ట్ ఓపెన్ డిఫరెన్షియల్‌తో ఎందుకు నెట్టుకొస్తుందో, లాకర్, పెద్ద టైర్లు కలిస్తే ఎందుకు మెలిపడుతుందో ఈ మూడు అంకెల్లోనే ఉంది. ఈ బండికి లాకర్ లేకుండానే ఒక షాఫ్ట్ మెలిపడిందంటే, బురదలో యాక్సిలరేటర్ తొక్కి పట్టే అలవాటు ఎంత దెబ్బ తీసిందో ఊహించవచ్చు.

ఏ దారి ఎంచుకున్నాం

ఆటోనగర్‌లో పాత కమర్షియల్ బండి నుంచి ఫుల్ ఫ్లోటింగ్ యాక్సిల్ తెచ్చి బిగించమని ఆయన స్నేహితులు సలహా ఇచ్చారు. బలం మాట నిజమే. కానీ చక్రాల మధ్య దూరం మారుతుంది, బ్రేకులు మారతాయి, ఏబీఎస్ సెన్సార్లకి చోటు ఉండదు, ముందు డిఫరెన్షియల్ రేషియోతో వెనకది కలవదు. ఫోర్ బై ఫోర్‌లో ముందు, వెనక రేషియోలు వేరుగా ఉంటే గట్టి నేల మీద ట్రాన్స్‌ఫర్ కేసు (ముందు, వెనక యాక్సిళ్లకి బలం పంచే గేర్ల పెట్టె) తనతో తానే కొట్లాడుతుంది. ఫుల్ ఫ్లోటింగ్ కిట్ అన్నది ఇంకో దారి. దానికీ హబ్బులు, బ్రేకులు మార్చాలి.

చట్టం సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. మోటారు వాహనాల చట్టం 1988, 52వ సెక్షన్ ప్రకారం రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్‌లోని వివరాలు కంపెనీ మొదట ఇచ్చిన వాటికి భిన్నంగా మారేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఈ మాటనే ఖాయం చేసింది. 2019 సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఒక్కో మార్పుకి 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడవచ్చు. వాట్సాప్ గ్రూపుల్లో దీన్ని చాలా తేలిగ్గా మాట్లాడతారు. యాక్సిడెంట్ జరిగాక ఇన్సూరెన్స్ సర్వేయర్ వచ్చినప్పుడు అది తేలిగ్గా ఉండదు. అందుకే మేం గీసుకున్న గీత ఇది: చక్రాల మధ్య దూరం, టైరు సైజు, బండి ఎత్తు, బ్రేకులు కంపెనీ ఇచ్చినట్టే ఉండాలి. మోసే బరువు పరిమితి కూడా అంతే. హౌసింగ్ గట్టిపడిందని ఒక్క బస్తా కూడా ఎక్కువ వేయకూడదు. ఏమేం చేయబోతున్నామో రాసిచ్చాం. పని మొదలవకముందే యజమాని దాన్ని ఆర్టీఓ ఆఫీసులోనూ, ఇన్సూరెన్స్ కంపెనీ దగ్గరా చూపించి రావాలని షరతు పెట్టాం.

ఆ గీత లోపల తీసుకున్న నిర్ణయం: కంపెనీ కొత్త హౌసింగ్ తెచ్చి దానికి ట్రస్ వేయడం, రెండు షాఫ్టులూ మంచి ఉక్కుతో చేయించడం, అవి కుదిరాక స్విచ్‌తో పనిచేసే ఎలక్ట్రిక్ లాకర్ వేయడం. 33 టైర్లకి వద్దన్నాను. వెడల్పు రిమ్ములు తీసేసి పాతవే వేశాం. ఆయన కాస్త నిరాశపడ్డారు. టైరు లెక్క కాగితం మీద వేసి చూపించాక ఒప్పుకున్నారు.

డిఫరెన్షియల్ రేషియో పెంచాలా అన్న ప్రశ్న కూడా వచ్చింది. టైరు పెరగనప్పుడు అవసరం లేదు. పైగా రేషియో అంకె పెరిగే కొద్దీ పినియన్ (డిఫరెన్షియల్‌లోని చిన్న గేరు) చిన్నదవుతుంది, పళ్ల బలం తగ్గుతుంది. ఉన్నదే ఉంచాం.

హౌసింగ్ పని

అన్నిటికంటే ఎక్కువ ఓపిక పట్టింది ఇక్కడే. ఉక్కు వెల్డ్ చల్లారేటప్పుడు కుంచించుకుపోతుంది. హౌసింగ్ పైన ట్రస్ వెల్డ్ చేస్తే పైభాగం కుంచించుకుని చివర్లు పైకి లేస్తాయి. అంటే, పాత హౌసింగ్‌ని లోడు ఏ దిక్కుకి వంచిందో, తొందరపడి చేసిన వెల్డింగ్ కొత్త హౌసింగ్‌ని కూడా అదే దిక్కుకి వంచేస్తుంది. ట్రస్ వేయించాక టైర్లు లోపల అరుగుతున్నాయని మా దగ్గరికి వచ్చే బండ్లలో తప్పు చాలాసార్లు ఇదే.

అందుకని ముందు కొలత కడ్డీ చేయించాం. గ్రైండ్ చేసిన నిటారు కడ్డీ ఒకటి, బేరింగ్ కూర్చునే రంధ్రాల్లో సరిగ్గా దిగే గుండ్రటి బిళ్లలు నాలుగు. రెండు చివర్ల బిళ్లలు, మధ్యలో డిఫరెన్షియల్ బేరింగ్ చోట రెండు. కడ్డీ చేత్తో తోస్తే అన్నింటిలోంచి జారిపోవాలి. ఎక్కడ పట్టేసినా హౌసింగ్ వంగినట్టే.

ట్రస్ 6 మి.మీ. మైల్డ్ స్టీల్ ప్లేటు. ఒక కమాన్ సీటు నుంచి ఇంకో సీటు దాకా, మధ్యలో బాంజో ఉబ్బు (డిఫరెన్షియల్ కూర్చునే గుండ్రటి భాగం) మీదుగా సాగుతుంది. బరువు తగ్గడానికి గుండ్రటి రంధ్రాలు పెట్టాం. చివర్లు ఒక్కసారిగా ఆగిపోకుండా సన్నగా తగ్గిస్తూ ముగించాం. ట్రస్ ఎక్కడ హఠాత్తుగా ఆగుతుందో తర్వాతి పగులు అక్కడే మొదలవుతుంది. కట్ చేసే ముందు అట్టముక్కతో నమూనా చేసి, యాక్సిల్‌ని పూర్తిగా పైకి లేపి చూసుకున్నాం. సైలెన్సర్ పైపు, బంప్ స్టాప్, స్టెప్నీ, బ్రేకు పైపులు దేనికీ తగలకూడదు.

హౌసింగ్‌ని గట్టి బీము మీద బిగించి, చివర్లని కొంచెం కిందికి లాగి పట్టాం, వెల్డ్ కుంచించుకున్నాక సమానానికి రావడానికి. మిగ్ వెల్డింగ్. ఒక్కసారి వేసేది రెండు వేళ్ల వెడల్పు ముక్క. కుడి చివర ఒకటి వేస్తే తర్వాతది ఎడమ చివర, ఆ తర్వాత మధ్యలో వెనక పక్క. చేయి ఆనించగలిగేంత చల్లారే దాకా పక్కన ఇంకోటి వేయలేదు. ప్రతి దఫా తర్వాత కడ్డీ తోసి చూశాం. అన్నీ అయ్యాక కుడి చివర 0.4 మి.మీ. పైకి వచ్చింది. కింది వైపు గ్యాస్ మంటతో ఒక చిన్న చోటుని ఎర్రగా కాల్చి చల్లారనిస్తే కింది భాగం కుంచించుకుని చివరను కిందికి లాగింది. కడ్డీ మళ్లీ చేత్తోనే జారింది.

ఇదంతా యాక్సిల్‌ని బండి నుంచి దించి, లోపల షాఫ్టులు, బేరింగులు, గేర్లు ఏవీ లేకుండా చేశాం. బండి కింద పడుకుని, అన్నీ లోపలే ఉండగా ట్రస్ వెల్డ్ చేసేవాళ్లు ఉన్నారు. వెల్డింగ్ కరెంటు బేరింగ్ గుండ్ల గుండా పోతే వాటి మీద సూది మొనంత మచ్చలు పడతాయి. ఆ బేరింగ్ కొద్ది రోజులకే ఏడుపు మొదలుపెడుతుంది.

షాఫ్టులు

వ్యాసం 30 నుంచి 33 మి.మీ.కి పెంచితే ఒత్తిడి నాలుగో వంతు తగ్గుతుంది. కానీ మాకు దొరికిన లాకర్ సైడ్ గేర్లు పాత స్ప్లైన్‌కే సరిపోతాయి. కాబట్టి సైజు అదే ఉంచి ఉక్కు, హీట్ ట్రీట్‌మెంట్ మార్చాలి.

ఈఎన్ 24 అన్న పేరు చెప్పగానే అందరూ తృప్తిపడతారు. నికెల్, క్రోమియం, మాలిబ్డినం కలిసిన మంచి ఉక్కే. సికింద్రాబాద్ రాణిగంజ్ మార్కెట్‌లో కడ్డీ అడిగితే ఇస్తారు. అయితే మార్కెట్‌లో మామూలుగా దొరికే స్థితిలో దాని తన్యతా బలం (లాగితే తెగకుండా తట్టుకునే ఒత్తిడి) 850 నుంచి 1,000 మెగాపాస్కల్. ఆ కడ్డీని అలాగే లేత్ మీద కోసి షాఫ్ట్ చేస్తే, పైపొర గట్టిచేసిన కంపెనీ షాఫ్ట్ కంటే అది ముందే మెలిపడొచ్చు. మెలి ఒత్తిడి షాఫ్ట్ పైపొరలో అత్యధికం, నడిమధ్యలో సున్నా. పైపొర ఎంత గట్టిగా ఉందన్నదే ఇక్కడ తేల్చేది. బాలానగర్‌లో మాకు పని చేసిపెట్టే పెద్దాయన ప్రాగా టూల్స్ ఫ్యాక్టరీలో లేత్ నేర్చుకున్నవారు, అందరం ఉస్తాద్ అంటాం. ఆయన మాట ఇది: “కడ్డీ పేరు సూడకు బిడ్డా, దాన్ని ఎట్ల కాల్చిన్రో అది సూడు.”

ఫ్లాంజ్ చివర ఫోర్జ్ చేసిన (కాల్చి, నొక్కి మలిచిన) ఈఎన్ 24 బ్లాంక్ (ఇంకా చెక్కని ముక్క) తెప్పించాం. లావు కడ్డీ నుంచి ఫ్లాంజుని చెక్కితే ఉక్కు పోగులు మెడ దగ్గర తెగిపోతాయి. ఫోర్జింగ్‌లో అవి మలుపు తిరిగి ఫ్లాంజులోకి సాగుతాయి. షాఫ్ట్ ఒంటిని స్ప్లైన్ గాడి అడుగు కంటే ఒక పిసరు సన్నగా తిప్పించాం. అలా చేస్తే దెబ్బ పడినప్పుడు మెలి స్ప్లైన్ చివర ఒక్కచోటే పేరుకోకుండా షాఫ్ట్ పొడవంతా పంచుకుంటుంది. మలుపుల్లో ఎక్కడా పదునైన మూల లేకుండా గుండ్రం. తర్వాత లోపలిదాకా హార్డెనింగ్ (కాల్చి చల్లార్చి గట్టిచేయడం), టెంపరింగ్ (మళ్లీ కొంత వేడిచేసి పెళుసుదనం తగ్గించడం), ఆపైన ఇండక్షన్ వేడితో పైపొర గట్టిదనం రాక్‌వెల్ సి కొలత మీద 52 నుంచి 55. వేడి పనిలో షాఫ్ట్ కాస్త వంకర పోతుంది, దాన్ని ప్రెస్ మీద సరిచేస్తారు. సరిచేసేటప్పుడు గట్టి పైపొర పగలొచ్చు. అందుకే సరిచేశాకే పగుళ్లు చూపించే మాగ్నెటిక్ పార్టికల్ పరీక్ష చేయించాలి, ముందు చేయిస్తే లాభం లేదు. బేరింగ్ కూర్చునే చోటు ఆఖరున గ్రైండింగ్. హార్డ్‌నెస్ కాగితం చేతికి రాకుండా షాఫ్ట్ తీసుకోలేదు. ఎవరైనా ఇలాంటి పని చేయిస్తుంటే ఆ కాగితం అడగండి. ఇవ్వడానికి తటపటాయిస్తే ఇంకో చోటికి వెళ్లండి.

కూర్చడం

లాకర్ బిగించి, క్రౌన్ పినియన్ (పినియన్, దాంతో కలిసే పెద్ద గేరు) కొత్తగా సెట్ చేశాం. పినియన్ బేరింగ్ ప్రీలోడ్ (ముందుగా ఇచ్చే బిగువు), ఆపైన బ్యాక్‌లాష్ (పళ్ల మధ్య వదులు) 0.15 మి.మీ. పళ్లకి రంగు పూసి తిప్పితే ముద్ర పన్ను మధ్యలో పడాలి, అంచులకి పోకూడదు. ఇందులో కొత్త సంగతేమీ లేదు, ఓపికగా షిమ్ములు (సన్నని బిళ్లలు) మార్చుకుంటూ కూర్చోవడమే. ఆయిల్ గ్రేడు జీఎల్ 5, 80 డబ్ల్యూ 90.

బ్రీదర్‌కి రబ్బరు గొట్టం తగిలించి డీజిల్ ట్యాంకు మూత ఎత్తుకి తీసుకెళ్లాం. ముందు డిఫరెన్షియల్‌కీ అంతే. మొత్తం పనిలో అతి చవకైనది ఇదే. మిగతావి ఏవీ చేయించకపోయినా వాగులు దాటే ప్రతి బండికీ ఇది చేయించుకోవాలి.

యాక్సిల్‌ని కమాన్ కట్టలకి బిగించే యూ బోల్టులు కొత్తవి వేశాం. ఒకసారి సాగిన యూ బోల్టు మళ్లీ అదే పట్టు ఇవ్వదు. బరువుని బట్టి వెనక బ్రేకులకి ఒత్తిడి పంచే వాల్వ్‌కి యాక్సిల్ నుంచి ఒక సన్నని రాడ్ ఉంటుంది. యాక్సిల్ దించి ఎక్కించినప్పుడు దాని అమరిక తప్పితే ఖాళీ బండి వెనక చక్రాలు తడి రోడ్డు మీద ముందే పట్టేస్తాయి. దించేముందే కొలత రాసుకుని, అదే కొలతకి బిగించాం.

ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ జాయింట్‌ని (షాఫ్ట్ కోణంలోనూ తిరగనిచ్చే కీలుని) మాత్రం కావాలనే పెంచలేదు. ఆయన దాన్నీ లావుది వేయమన్నారు. “అన్నీ లావైతే మంచిదే గదన్నా?” అన్నారు. బండలో ఇరుక్కున్న బండికి ఏదో ఒకటి విరగక తప్పని రోజు వస్తే, అది కింద పడుకుని సుత్తి, పానాలతో మార్చుకోగల క్రాస్ అయితే సాయంత్రానికి ఇంటికి చేరతారు. క్రౌన్ పినియన్ అయితే బండిని లారీ మీద తేవాలి. షాఫ్ట్ బేరింగ్ బయట విరిగితే చక్రమే పోతుంది. క్రాస్ తెగినప్పుడు ప్రొపెల్లర్ షాఫ్ట్ ముందు చివర నేలకి గుచ్చుకోకుండా ఇనుప పట్టీ ఒకటి కింద కట్టాం. బండిలో ఒక స్పేర్ క్రాస్ పెట్టించాం.

ముందు పక్క తక్కువే చేశాం. ఇండిపెండెంట్ సస్పెన్షన్‌లో సీవీ జాయింట్ (చక్రం కదిలినా బలం అందించే ముందు షాఫ్ట్ కీలు) కోణం పెరిగే కొద్దీ దాని బలం తగ్గుతుంది. బండి ఎత్తు పెంచలేదు కాబట్టి కోణం మారలేదు. ఆ జాయింట్ల మీద చిరిగిన రబ్బరు తొడుగులు (బూట్లు) మార్చి కొత్త గ్రీజు పెట్టాం. ముందు లాకర్ వేయొద్దని గట్టిగా చెప్పాం.

నడిపి చూశాక

మొదట ఓఆర్ఆర్ (ఔటర్ రింగ్ రోడ్డు) మీద ఖాళీగా, ఓ మాదిరి వేగంతో, మధ్యమధ్యలో ఆపి చల్లారనిస్తూ నడిపాం. కొత్తగా సెట్ చేసిన క్రౌన్ పినియన్‌ని తొలి గంటల్లో మాడిస్తే జీవితాంతం కూత పెడుతుంది. ఆగిన ప్రతిసారీ రెండు హబ్బులు, డిఫరెన్షియల్ వేడిని ఇన్‌ఫ్రారెడ్ గన్‌తో చూశాం. అంకె కంటే కుడి ఎడమల తేడా ముఖ్యం. రెండు పక్కలా దాదాపు ఒకటే. ఆ తర్వాత తొలి ఆయిల్ దించేశాం. అయస్కాంతం ప్లగ్ మీద సన్నని బూడిద పొడి ఉంది, ముక్కలు లేవు. యూ బోల్టులు మళ్లీ టార్క్ రెంచ్‌తో బిగించాం.

బండల మీద పరీక్షకి ఆయన స్నేహితుడి భూమిలోకి వెళ్లాం. లాకర్ వాడే పద్ధతి నేర్పడానికే ఎక్కువ సమయం తీసుకున్నాం. చక్రం తిరుగుతుండగా స్విచ్ వేయకూడదు. ఆగి, వేసి, లో రేంజ్‌లో నెమ్మదిగా కదలాలి. వేసి ఉండగా గట్టి నేల మీద స్టీరింగ్ బాగా తిప్పకూడదు. చక్రం జారడం మొదలైతే కాలు తీసేయాలి. ఈ చివరి అలవాటు మారకపోతే మేం చేసిన షాఫ్ట్ కూడా ఒకనాటికి మెలిపడుతుంది. ఆయన త్వరగానే పట్టుకున్నారు. గతంలో ఊపుతో దూకించి ఎక్కించే ఒక ఏటవాలు బండ మీదకి ఆ రోజు బండి నడక వేగంతో, చప్పుడు లేకుండా ఎక్కింది.

వానాకాలం అంతా వాడాక బండి మళ్లీ వచ్చింది. గుండు దారంతో కొలిస్తే రెండు చక్రాలూ 1 మి.మీ. లోపే. సీల్ పొడిగా ఉంది. ఆయిల్‌లో నీళ్ల జాడ లేదు. కొత్త టైర్ల అరుగుదల సమంగా ఉంది. షాఫ్టులు బయటికి లాగి స్ప్లైన్‌కి స్కేలు ఆనిస్తే పళ్లు నేరుగా ఉన్నాయి. ఒక ఫిర్యాదు ఉంది, అది న్యాయమైనదే. ట్రస్ బరువు కమాన్ కట్టల కింద చేరింది కాబట్టి ఖాళీ బండి గతుకుల్లో వెనక కొంచెం ఎక్కువ ఎగురుతోంది. షాక్ అబ్జార్బర్లు మార్చితే కొంత తగ్గుతుంది, పూర్తిగా పోదు.

కమాన్ కట్టల విషయం ఇంకా తేలలేదు. లో రేంజ్‌లో లాకర్ వేసి ఎక్కేటప్పుడు యాక్సిల్ వెనక్కి మెలికపడి, కట్ట ఎస్ ఆకారంలో వంగుతోంది. వీడియో తీసి చూశాం. ప్రస్తుతానికి క్రాస్ కోణం హద్దులోనే ఉంది. అది పెరిగితే ఆ మెలికని ఆపే బార్ ఒకటి వేయాలి. ట్రస్ మీద దానికి బ్రాకెట్ చోటు ముందే వదిలాం. ఈలోగా ఏడాదికోసారి ట్రస్ రెండు చివర్లా, కమాన్ సీట్ల అంచునా డై పెనెట్రంట్ పరీక్ష చేయించాలని, వాగు దాటిన ప్రతిసారీ ఆయిల్ రంగు చూసుకోవాలని ఆయన సర్వీస్ పుస్తకంలో రాసిచ్చాం.